పొగాకు నాటే తేదీ, ఆకు పెరుగుదల, దాని మోడల్ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో పొగాకు వేసే తెలుగు రైతులు, వాళ్ళ పొలాల్లో ప్రయోగాలు పెట్టే వ్యవసాయ విద్యార్థులు, క్షేత్ర సిబ్బంది మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఇటువైపు ఎక్కువగా పండేది ఎండలోనో నీడలోనో ఆరబెట్టే నాటు పొగాకు, పిక్క పొగాకు. బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గదిలో) కాల్చే వర్జీనియా పొగాకుకూ ఆకు పెరిగే లెక్క ఒకటే. అంకెలు మాత్రం రకాన్ని బట్టి మారతాయి. ఇక్కడ మోడల్ అంటే, నాటిన తేదీని, అందిన వేడిని బట్టి ఆకు పెరుగుదలను ముందే లెక్కగట్టే సూత్రం.

నాటే తేదీ మారితే ఆకులో మారేదేమిటి?

మొక్కకు వచ్చే మొత్తం ఆకులు, ఒక ఆకు తర్వాత మరో ఆకు రావడానికి పట్టే వ్యవధి, ఆకు చేరే గరిష్ఠ పొడవు వెడల్పులు, ఆకు మందం. ఈ నాలుగూ మారతాయి. తేదీ మారినప్పుడు మొక్క ఏ వయసులో ఏ వేడిని, ఎంత తడిని, ఎంత వెలుతురును చూస్తుందన్నది మారుతుంది. ఆకు స్పందించేది వాటికి.

హస్త కార్తెలో (సెప్టెంబరు 27 ప్రాంతం నుంచి) నాటిన మొక్క తొలి నెలన్నరా వెచ్చని నేలలో, తడిలో ఎదుగుతుంది. ఆకులు వెంటవెంటనే వస్తాయి, బాగా సాగుతాయి, కాస్త పల్చగా ఉంటాయి. పక్వానికి వచ్చేసరికి డిసెంబరు, జనవరి చలి వస్తుంది. విశాఖ కార్తెలో (నవంబరు 6 నుంచి) నాటిన మొక్కది దీనికి పూర్తిగా తలకిందులు. వేరు పట్టుకునే రోజుల్లోనే రాత్రులు చల్లబడతాయి, ఆకు నెమ్మదిగా వస్తుంది. తీరా నడిమి ఆకులు సాగే వేళకు ఫిబ్రవరి ఎండ, పొడిగాలి మొదలవుతాయి. ఆకు చిన్నదై, మందంగా, కొంచెం గరుకుగా తయారవుతుంది.

మా వైపు ఎప్పుడు నాటితే మంచిది?

నీటి వసతి ఉన్న గరువు నేలల్లో, నదిని ఆనుకున్న ఒండ్రు మెరకల్లో చిత్త కార్తె, స్వాతి కార్తె మొదటి సగం (సుమారుగా అక్టోబరు 10 నుంచి అక్టోబరు నెలాఖరు వరకు) మధ్యేమార్గం. ఒడిశాలో నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు రెండో వారం నుంచి తప్పుకుంటాయి. అప్పటికి నేలలో తడి ఉంటుంది, పగటి వేడి ఇంకా తగ్గదు, పెద్ద వానల భయం కొంత తీరుతుంది. వరి కోసిన మడిలో వేద్దామనుకుంటే నవంబరు దాటిపోతుంది. అక్కడ పొగాకు కంటే మరో పంట చూసుకోవడమే మేలని మా అభిప్రాయం.

తుపాను మాటేమిటి? అక్టోబరులో నాటి పోగొట్టుకుంటే?

ఈ భయం న్యాయమైనదే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర లేదు.

పొగాకు వేరుకు గాలి ఆడాలి. మడిలో నీళ్ళు ఒక రోజు నిలిచినా వేర్లు ఊపిరాడక దెబ్బతింటాయి. వాన వెలిసి ఎండ కాయగానే మొక్క తడి నేలలోనే వాడి వాలిపోతుంది. నీళ్ళు చాలక వాడిందని పొరబడి మళ్ళీ తడి పెడితే ఉన్న మొక్క కూడా పోతుంది. అందుకని అక్టోబరులో నాటేవాళ్ళు బోదెల మీదే నాటాలి. చేను చుట్టూ, పల్లం వైపు మురుగు కాలువ ముందే తీసి ఉంచాలి. నారు మొత్తం ఒకేసారి ఖర్చు చేయకుండా నాలుగో వంతు నారుమడిలోనే, పది పన్నెండు రోజులు ఆలస్యంగా విత్తిన మడిలో, నిలవ ఉంచుకోవాలి. ఒక తుపాను వచ్చి పోయినా స్వాతి కార్తెలో మళ్ళీ నాటుకోవడానికి వీలుంటుంది.

“దసరా వెళ్ళాక నాటాం” అని రాసుకుంటే సరిపోదా?

సరిపోదు. దసరా, దీపావళి చాంద్రమానం మీద నడుస్తాయి. ఒక ఏడాది సెప్టెంబరు చివర వచ్చిన దసరా మరో ఏడాది అక్టోబరు మూడో వారంలో వస్తుంది. ఆ మూడు వారాల తేడాలో ఆకు లెక్క మొత్తం తారుమారవుతుంది. కార్తెలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు: హస్త సెప్టెంబరు 27 ప్రాంతం నుంచి, చిత్త అక్టోబరు 10 నుంచి, స్వాతి 24 నుంచి, విశాఖ నవంబరు 6 నుంచి. పాత పుస్తకాల్లో, పెద్దల నోట కార్తె పేరు దొరికితే దాన్ని తేదీగా మార్చుకోవచ్చు. పండుగ పేరు దొరికితే ఆ ఏటి పంచాంగం వెతకాల్సిందే. ప్రయోగానికైతే మొక్క నేలలో పెట్టిన తేదీనే రాయాలి. నాట్లు మూడు రోజులు సాగితే మూడు తేదీలూ వేరువేరుగా రాయాలి.

డిగ్రీ రోజులు అంటే ఏమిటి? ఎలా లెక్కపెట్టాలి?

ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు కూడి రెండుతో భాగించండి. అందులోంచి మూల ఉష్ణోగ్రత (అంతకంటే చల్లబడితే మొక్క పెరగదనుకునే కింది హద్దు) తీసేయండి. మిగిలింది ఆ రోజు మొక్కకు అందిన వేడి. పగలు 32, రాత్రి 22 అనుకుంటే సగటు 27. మూల ఉష్ణోగ్రత 10 తీసుకుంటే ఆ రోజుకు 17 డిగ్రీ రోజులు. నాటిన మర్నాటి నుంచి వీటిని కూడుకుంటూ పోవాలి. సగటు మూల ఉష్ణోగ్రత కంటే తక్కువైతే ఆ రోజుకు సున్నా వేయాలి, రుణ సంఖ్య వేయకూడదు.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. లెక్క తెలియడానికి నెలవారీ సగటులు ఇలా పెట్టుకుందాం: అక్టోబరు 27, నవంబరు 24, డిసెంబరు 21, జనవరి 21, ఫిబ్రవరి 24. మూల ఉష్ణోగ్రత 10. అంటే రోజుకు వరుసగా 17, 14, 11, 11, 14 డిగ్రీ రోజులు.

అక్టోబరు 1 నుంచి లెక్కిస్తే 60 రోజుల్లో అక్టోబరులో 527, నవంబరు 29 రోజుల్లో 406, మొత్తం 933. నవంబరు 15 నుంచి లెక్కిస్తే అదే 60 రోజుల్లో నవంబరులో 224, డిసెంబరులో 341, జనవరి 13 రోజుల్లో 143, మొత్తం 708. ఇంకా 225 తక్కువ. అది పూడడానికి ఫిబ్రవరి 2 దాకా ఆగాలి. మొదటి చేను 60 రోజుల్లో చేరిన చోటికి రెండో చేను చేరడానికి 80 రోజులు పడుతుంది. “నాటి రెండు నెలలైంది, ఇంకా ఆకు రాలేదు” అని ఎరువు మీద ఎరువు వేసేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మూల ఉష్ణోగ్రత 10 అని ఎలా తీసుకున్నారు?

పొగాకు వేడి దేశపు పంట. బాగా పెరిగేది 20 నుంచి 30 డిగ్రీల మధ్య. కింది హద్దుగా వేర్వేరు చోట్ల 8 నుంచి 13 మధ్య వాడతారు, 10 అనేది వాడుకలో ఉన్న మధ్య సంఖ్య. మీ రకానికి, మీ నేలకు మీరే తేల్చుకోవచ్చు. కనీసం నాలుగు తేదీల్లో నాటిన మళ్ళు ఉండాలి. ప్రతి మడిలోనూ, ఉదాహరణకు 15వ ఆకు కనిపించిన రోజు రాసి ఉండాలి. మూల ఉష్ణోగ్రత 6 నుంచి 14 వరకు ఒక్కో డిగ్రీ చొప్పున మార్చి, నాలుగు తేదీలకూ అప్పటి దాకా కూడిన వేడిని లెక్కించండి. ఏ సంఖ్య దగ్గర నాలుగు మొత్తాలూ ఒకదానికొకటి అతి దగ్గరగా వస్తాయో, అంటే సగటుతో పోల్చినప్పుడు వాటి విచలనం అతి తక్కువగా ఉంటుందో, అదే మీ మూల ఉష్ణోగ్రత.

ఇటువైపు మైదానంలో చలి మరీ ముదరదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీల తేడా వచ్చినా ఫలితం పెద్దగా మారదు. కొరాపుట్ పీఠభూమి మీద మాత్రం మారుతుంది. ఎండ విషయంలో కూడా ఒక హద్దు పెట్టుకోవాలి. గరిష్ఠం 35 దాటిన రోజున 35గానే తీసుకోవడం ఒక పద్ధతి. లేకపోతే మార్చి ఎండలో మొక్క పరుగెత్తినట్టు మోడల్ చూపిస్తుంది, చేలో మొక్క వడలి ఉంటుంది.

ఆకుల సంఖ్యను ఎలా అంచనా వేయాలి?

ఒక ఆకు తర్వాత మరో ఆకు కనిపించడానికి పట్టే వేడి ఒకే రకంలో దాదాపు స్థిరంగా ఉంటుంది. నాటిన తేదీల మధ్య పోలికకు ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. కనిపించిన ఆకుల సంఖ్యను నిలువు గీత మీద, కూడిన డిగ్రీ రోజులను అడ్డ గీత మీద పెడితే దాదాపు తిన్నని గీత వస్తుంది. ఆ గీత వాలులోంచి ఒక్కో ఆకుకు ఎన్ని డిగ్రీ రోజులో తెలుస్తుంది. అది 40 అని వచ్చిందనుకుందాం. పై ఉదాహరణలో 60 రోజులకు మొదటి చేలో 23 ఆకులు, రెండో చేలో 17 వచ్చి ఉండాలి.

నాటిన తర్వాత తొలి పది రోజులు గీత చదునుగా ఉంటుంది. మొక్క తేరుకుని వేరు పట్టే కాలం అది. ఆ భాగాన్ని కలిపి వాలు తీస్తే లెక్క తప్పుతుంది. పీకి నాటిన నారుకు ఈ తేరుకునే కాలం ఎక్కువ, కొబ్బరిపొట్టు నింపిన ట్రేల్లో పెంచిన నారుకు తక్కువ. ఒక తేదీకి మడినారు, మరో తేదీకి ట్రే నారు వాడి తేదీలను పోలిస్తే ఆ పోలికకు అర్థం ఉండదు.

ఒక్క ఆకు పెరుగుదలను ఏ సూత్రంతో రాయాలి?

ఆకు మొదట నెమ్మదిగా, మధ్యలో జోరుగా, చివర మళ్ళీ నెమ్మదిగా సాగుతుంది. ఆ సాగదీసిన వంకర గీతకు బాగా కుదిరేది లాజిస్టిక్ సూత్రం:

పొడవు = గరిష్ఠ పొడవు ÷ [1 + ఎక్స్‌ప్(−వేగం × (కాలం − మధ్యకాలం))]

ఎక్స్‌ప్ అంటే ఎక్సెల్‌లో ఉండే ఘాత ఫంక్షనే. వేగం అంటే ఆ గీత ఎంత నిటారుగా లేస్తుందో చెప్పే సంఖ్య. మధ్యకాలం అంటే ఆకు సగం పొడవుకు చేరిన రోజు. ఆ రోజునే అది అన్నిటికంటే జోరుగా సాగుతుంది. ఆ జోరు = గరిష్ఠ పొడవు × వేగం ÷ 4.

గరిష్ఠ పొడవు 60 సెంటీమీటర్లు, వేగం రోజుకు 0.15, మధ్యకాలం 20వ రోజు అనుకోండి. 10వ రోజున ఆకు 10.9 సెంటీమీటర్లు, 20వ రోజున 30, 30వ రోజున 49.1. అత్యధిక జోరు రోజుకు 2.25 సెంటీమీటర్లు. సుమారు 40వ రోజుకు 95 శాతం పొడవు చేరుతుంది.

ఇప్పుడు ఈ లెక్కను రోజుల్లోంచి వేడిలోకి మార్చాలి. ఆ ఆకు పెరిగింది రోజుకు 14 డిగ్రీ రోజులు అందిన నవంబరులో అనుకుంటే మధ్యకాలం 280 డిగ్రీ రోజులు, వేగం డిగ్రీ రోజుకు 0.0107. అదే ఆకు 11 మాత్రమే అందే డిసెంబరులో పెరిగితే సగం పొడవుకు 25 రోజులు దాటుతుంది, అత్యధిక జోరు రోజుకు 1.77 సెంటీమీటర్లకు పడిపోతుంది. సూత్రం అదే, అంకెలు అవే, తేదీ మాత్రం మారింది. రోజులతో కట్టిన మోడల్ అది పుట్టిన తేదీకి తప్ప మరే తేదీకీ పనికిరాదు. వేడితో కట్టినది వచ్చే ఏటికి కూడా నిలుస్తుంది. విద్యార్థుల్ని మేం పట్టుబట్టి అడిగేది ఈ ఒక్క మార్పే.

లాజిస్టిక్ బదులు గాంపర్ట్స్, రిచర్డ్స్, బీటా సూత్రాలు వాడకూడదా?

వాడవచ్చు. లాజిస్టిక్‌లో ఆకు సగం పొడవు దగ్గరే జోరు గరిష్ఠం. గాంపర్ట్స్‌లో అది ముందుగా, 37 శాతం దగ్గరే వస్తుంది. రిచర్డ్స్‌లో ఆ బిందువును జరుపుకోవచ్చు, కానీ నాలుగో అంకె ఒకటి తోడవుతుంది, ఆరేడు కొలతలతో దాన్ని తేల్చడం కష్టం. బీటా సూత్రానికి ఒక మంచి గుణం ఉంది: ఎదుగుదల ఫలానా రోజున ఆగిపోతుందని నేరుగా చెబుతుంది. ఆకు ఎప్పుడు విరవాలో తెలుసుకోవడమే మీ పనైతే అది అనుకూలం. తేదీల మధ్య పోలికే మీ పనైతే లాజిస్టిక్ చాలు.

ఆకు వైశాల్యం తుంచకుండా ఎలా తెలుస్తుంది?

పొడవు × అతి వెడల్పైన చోట వెడల్పు × 0.6345. ఈ గుణకం పొగాకుకు చాలాకాలంగా వాడుకలో ఉంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ఆకు 1142 చదరపు సెంటీమీటర్లు. సన్నాకు రకాలకూ, గుండ్రటి ఆకు రకాలకూ గుణకం కొంచెం మారుతుంది. అందుకని మీ రకంలో అడుగు, నడిమి, తల ఆకులు కలిపి ముప్పై కోసి, గళ్ళ కాగితం మీద గీసి గళ్ళు లెక్కపెట్టి, ఒకసారి సరిచూసుకోండి.

చేను మొత్తానికి లెక్క కావాలంటే: వరుసకూ వరుసకూ 100, మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 6,745 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్కకు 0.6 చదరపు మీటర్ల నేల దక్కుతుంది. 20 ఆకులు, ఒక్కోటి సగటున 700 చదరపు సెంటీమీటర్లు అయితే మొక్కకు 1.4 చదరపు మీటర్ల ఆకు. నేలకు 2.33 రెట్లు. ఈ నిష్పత్తి ఏ తేదీ చేలో ఎప్పుడు ఎంతకు చేరిందో గీస్తే, ఎండను ఏ చేను ఎంత బాగా వాడుకుందో కనబడుతుంది.

ప్రయోగం మళ్ళు ఎలా వేయాలి?

నాలుగు తేదీలు: అక్టోబరు 1, 15, నవంబరు 1, 15. మూడేసి పునరావృతాలు, అంటే ఒక్కో తేదీకి మూడు మళ్ళు. రెండు రకాలు పోల్చాలనుకుంటే తేదీ పెద్ద మడికి, రకం దానిలోని చిన్న మడికి కేటాయించాలి. చుట్టూ ఒక వరుస కాపలా మొక్కలు. వాటిని కొలవకూడదు. ముందు నాటిన చేను నీడ వెనక నాటిన దాని మీద పడకుండా ఎడం ఉంచాలి, లేకపోతే తేదీ ప్రభావం అనుకున్నది నీడ ప్రభావం అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ప్రయోగాలు చెడేది నారు దగ్గర. ఒకే మడిలో పెంచిన నారును నాలుగు తేదీల్లో నాటితే చివరి తేదీకి వెళ్ళేది ముదిరిన నారు. అప్పుడు తేదీ తప్పా, నారు వయసు తప్పా చెప్పలేం. నాటే ప్రతి తేదీకీ 45–50 రోజుల ముందు విడిగా విత్తాలి: ఆగస్టు మధ్యన ఒకటి, ఆ తర్వాత పదిహేను రోజులకొకటి. 10 చదరపు మీటర్ల ఎత్తు మడికి 3 గ్రాముల విత్తనం చాలు. గ్రాముకు పది వేలు దాటే విత్తనాలుంటాయి, ఇసుకలోనో బూడిదలోనో కలిపి చల్లకపోతే ఒకచోట పోగవుతాయి. ఆగస్టు మడిలో వానకు నారుకుళ్ళు ఖాయంగా వస్తుందని అనుకునే పని మొదలుపెట్టాలి. పల్చగా విత్తడం, 15 సెంటీమీటర్ల ఎత్తు మడి, మురుగు పోయే దారి, బోర్డో మిశ్రమం పిచికారీ అందుకే. నాటే రోజున పది నారు మొక్కల పొడవు, ఆకుల సంఖ్య, కాండం మందం రాసి పెట్టండి. 12–15 సెంటీమీటర్ల పొడవు, పెన్సిలంత కాండం ఉన్నవే ఏరి నాటండి.

కొలతలు ఎప్పుడు, ఎలా తీయాలి? ఎక్కడ తప్పులు జరుగుతాయి?

మడికి పది మొక్కలకు చీటీ కట్టండి. ఐదు రోజులకోసారి కొలవండి. కాడ మొదలు ఆకు కొన వరకు స్కేలు ఆకు మీద పరిచి కొలవాలి. వంగిన ఆకును గాల్లో కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆకు ఎంత పొడవుంటే “కనిపించింది” అని రాస్తారో మొదటి రోజే నిర్ణయించుకోవాలి. 5 సెంటీమీటర్లు అనుకుంటే చివరిదాకా అదే. ఇద్దరు కొలిచేచోట ఒకరు 2 దగ్గర, ఒకరు 5 దగ్గర లెక్కిస్తే ఆకుల సంఖ్య గీత మెట్లుమెట్లుగా వస్తుంది.

అడుగు ఆకులు రాలిపోతాయి. అప్పుడు కింది నుంచి లెక్కపెట్టినవాళ్ళకు 10వ ఆకు 8వదై కూర్చుంటుంది. 5, 10, 15వ ఆకుల కాడకు వేరువేరు రంగుల దారం వదులుగా కట్టి ఉంచితే ఈ బాధ ఉండదు. పగటి ఎండకు వాడిన ఆకు పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి ఉదయమే కొలవాలి. కానీ మంచు ఆరాకే. తడి పొగాకు ఆకుకు చర్మం తగిలితే నికోటిన్ ఒంట్లోకి దిగి వాంతులు, తలతిప్పు వస్తాయి. పూర్తి చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు తప్పనిసరి, ముఖ్యంగా గంటల తరబడి కొలిచే విద్యార్థులకు, ఆకు విరిచే ఆడవాళ్ళకు. మొజాయిక్ (పల్లాకు) తెగులు చేతుల ద్వారానే మొక్క నుంచి మొక్కకు పాకుతుంది. చుట్టో ఖైనీయో ముట్టుకున్న చేత్తో చేలోకి దిగకూడదు, సబ్బుతో కడుక్కోవాలి. పల్లాకు కనిపించిన మొక్కలను చివరికి వదిలిపెట్టి కొలవాలి.

తలలు తుంచితే మోడల్ ఏమవుతుంది?

పూమొగ్గతో సహా తల తుంచగానే మొక్క తిండి పై ఆకులకు మళ్ళుతుంది. అవి మరింత సాగి, మందమవుతాయి. నికోటిన్ పెరుగుతుంది. అది వేర్లలో తయారై ఆకుల్లోకి ఎక్కుతుంది. అందువల్ల తుంచిన తేదీ, తుంచినప్పుడు మిగిల్చిన ఆకుల సంఖ్య రాయని లెక్క పై నాలుగైదు ఆకుల విషయంలో ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. ఆ ఆకులకు గరిష్ఠ పొడవును విడిగా తేల్చండి. అసలు గరిష్ఠ పొడవు ఆకు స్థానాన్ని బట్టి మారేదే: అడుగున తక్కువ, నడుమ ఎక్కువ, పైన మళ్ళీ తక్కువ. పిలకలు గిల్లకుండా వదిలేస్తే పై ఆకులు సాగవు, అప్పుడు ఏ సూత్రమూ కుదరదు.

ఆలస్యంగా నాటిన మొక్క తక్కువ ఆకులతోనే పూతకు ఎందుకొస్తుంది?

లేత మొక్క చాలా రోజులు చలిలో ఉండిపోతే, లేదా ముదిరిన నారు నాటితే, చిగురు త్వరగా పూమొగ్గగా మారిపోతుంది. మొగ్గ ఏర్పడ్డాక కొత్త ఆకు పుట్టదు. 24 ఆకులు రావలసిన మొక్క పదిహేను దగ్గర ఆగిపోతుంది. అందుకే మోడల్‌లో ఆకుల గీతను పైకి పొడిగించుకుంటూ పోకూడదు. మొగ్గ కనిపించిన రోజు దగ్గర ఆపాలి, ఆ రోజును ప్రతి మడిలోనూ రాయాలి.

పగటి పొడవు పాత్ర గురించి కూడా అడుగుతుంటారు. పూత పగటి పొడవును బట్టి వస్తుందని గార్నర్, అల్లార్డ్ 1920లో చూపించడానికి ఆధారమైన మొక్కల్లో మేరీలాండ్ మామత్ అనే పొగాకు ఒకటి. అయితే సాగులో ఉన్న చాలా రకాలు పగటి పొడవును పెద్దగా పట్టించుకోవు. గుణుపూర్, పర్లాకిమిడి ఉన్న 19 డిగ్రీల అక్షాంశం దగ్గర అక్టోబరు మొదట్లో 12 గంటలుండే పగలు డిసెంబరు చివరికి 11కు తగ్గుతుంది, అంతే.

ఆలస్యమైతే ఎరువు పెంచాలా?

తగ్గించాలి. ఆలస్యంగా నాటిన చేనుకు నత్రజని వాడుకునే కాలం తక్కువ. ఎక్కువ వేస్తే పక్వం కావలసిన వేళకు కూడా ఆకు పచ్చగానే ఉండిపోతుంది, ఆరబెడితే నల్లబడుతుంది, రంగు తిరగదు. ముందుగా నాటిన చేలో సమస్య వేరు. వానకు నత్రజని కిందికి కొట్టుకుపోతుంది. అక్కడ ఒకే దఫా కాకుండా పది రోజులకు, ముప్పై రోజులకు విడదీసి మొక్క పక్కన గుంటలో వేయాలి. 45 రోజులు దాటాక ఏ తేదీ చేనుకూ నత్రజని వద్దు.

పురుగు, తెగులు తేదీని బట్టి మారతాయా?

మారతాయి. ముందు నాటిన చేలో నల్లకాడ తెగులు, కప్పకన్ను మచ్చ, లద్దె పురుగు ఎక్కువ. వెనక నాటిన చేలో లేత ఆకుల మీద చలికాలపు పేనుబంక పడుతుంది, తెల్లదోమ తెచ్చే ఆకుముడత కనిపిస్తుంది. పొగాకు మల్లె (పొగాకు వేర్ల మీద బతికే పరాన్నజీవి మొక్క) ఉన్న నేలలో చలికాలం పొడుగునా ఆ కలుపు తేలుతుంటుంది, పూయకముందే పీకి తగలబెట్టాలి. సగం ఆకు పురుగు తిన్న మొక్కను మోడల్ కొలతల్లో ఉంచకండి. తీసేసినట్టు కారణంతో సహా పుస్తకంలో రాయండి.

ఉష్ణోగ్రత వివరాలు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

చేలోనే గరిష్ఠ కనిష్ఠ థర్మామీటర్ పెట్టుకోవడం ఉత్తమం. నేలకు 1.25–1.5 మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంచాలి. రేకుల షెడ్డు గోడకు తగిలిస్తే మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అది లేనిచోట నాసా పవర్ వెబ్‌సైట్‌లో అక్షాంశ రేఖాంశాలు ఇస్తే 1981 నుంచి రోజువారీ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే ఆ అంకె యాభై కిలోమీటర్ల గడికి సగటు. వంశధార లోయా, పక్కనున్న కొండా ఒకే గడిలో కలిసిపోతాయి. కొన్నాళ్ళు సొంత థర్మామీటర్‌తో పోల్చి తేడాను సరిదిద్దాకే వాడాలి.

గుణుపూర్‌లో కట్టిన మోడల్ కొరాపుట్‌లో పనిచేస్తుందా?

వేడితో కట్టినదైతే సూత్రం పనిచేస్తుంది, తేదీలు పనిచేయవు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 870 మీటర్ల దగ్గర ఉన్న కొరాపుట్‌లో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. లోయలో స్వాతి కార్తెలో నాటి నిలబెట్టుకున్న చేను పీఠభూమి మీద అదే తేదీకి నాటితే మొగ్గ తొడిగి ఆగిపోవచ్చు. అక్కడ రెండు మూడు వారాలు ముందే నాటాలి.

మోడల్ సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

ఒక ఏటి కొలతలతో అంకెలు తేల్చి, మరో ఏటి కొలతలతో పరీక్షించాలి. అవే కొలతలతో పరీక్షిస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఐదు ఆకుల్లో మోడల్ చెప్పినదానికీ కొలిచినదానికీ తేడాలు 2, −3, 1, −2, 4 సెంటీమీటర్లు అనుకోండి. వర్గాలు కూడితే 34, ఐదుతో భాగిస్తే 6.8, వర్గమూలం 2.6 సెంటీమీటర్లు. సగటు ఆకు 50 సెంటీమీటర్లు అయితే సుమారు 5 శాతం తప్పు. పది శాతం లోపు ఉంటే వాడుకోవచ్చు. తేడాలను తేదీల వారీగా కూడా చూడండి. హస్త మడిలో అన్నీ ఎక్కువ, విశాఖ మడిలో అన్నీ తక్కువ వస్తుంటే మూల ఉష్ణోగ్రత తప్పు తీసుకున్నారు, లేదా వెనక చేను నీళ్ళు చాలక ఆగింది. సూత్రంలోని అంకెలు తేల్చడానికి ఎక్సెల్ సాల్వర్ వాడేవాళ్ళు మొదటి అంచనాలు దగ్గరగా ఇవ్వాలి. గరిష్ఠ పొడవుకు కొలిచిన అతి పెద్ద ఆకును, మధ్యకాలానికి సగం పొడవు చేరిన వేడిని ఇస్తే చాలు. ఇవేమీ ఇవ్వకుండా వదిలేస్తే 300 సెంటీమీటర్ల ఆకు అని కూడా చెబుతుంది.

ఇదంతా రైతుకు ఎందుకు?

నాటిన తేదీ, అప్పటిదాకా కూడిన వేడి తెలిస్తే నడిమి ఆకు ఎప్పటికి సాగడం ఆగుతుందో వారం ముందే చెప్పవచ్చు. విరుపుకు కూలీలను పిలవడం, ఆకులను తోరణాలుగా కట్టి ఆరబెట్టే పందిరి సిద్ధం చేయడం, ఆఖరి తడి ఎప్పుడివ్వాలో నిర్ణయించడం దాని మీదే నడుస్తాయి. రెండు మూడు తేదీల్లో విడదీసి నాటిన కుటుంబానికైతే విరుపు ఒకే వారంలో మీద పడకుండా ముందే చూసుకోవచ్చు. ఉదాహరణలో చూసినట్టు నెలన్నర ఎడంతో నాటిన చేలు పక్వానికి వచ్చేసరికి రెండు నెలల ఎడం అవుతాయి. పదిహేను రోజుల ఎడం కూడా చలిలో ఇరవైకి సాగుతుంది.

రకం ఎంపికకు, విత్తనానికి ఎవరిని అడగాలి?

రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ (ఇప్పుడు జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థ) వర్జీనియాతోపాటు నాటు, బీడీ, పిక్క లాంటి రకాల మీదా పనిచేసింది. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా అడిగితే నేలకు తగిన రకం, నాటే గడువు చెబుతారు. అడిగేటప్పుడు మీ చేను ఎత్తు, నేల రకం, నీటి వసతి, పోయిన ఏడాది నాటిన తేదీ, మొగ్గ కనిపించిన తేదీ, మిగిల్చిన ఆకుల సంఖ్య ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.